వంతెన కింద వాసన చూసే మనుషులు

ఇంగ్లండ్‌లో నీటికుక్కల (ఆటర్ల) ఉనికిని లెక్కగట్టేవాళ్లలో చాలామంది ఆ జంతువును కళ్లారా చూడకుండానే పని ముగించుకుని ఇంటికి వెళ్తారు. నీటికుక్క ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. మనిషి అలికిడైతే చాలు, నీళ్లలోకి జారుకుంటుంది. అందుకని వాళ్లు దాన్ని వెతకరు, దాని మలాన్ని వెతుకుతారు. వంతెన కింది అరుగు మీద, ఏటి మధ్య పైకి తేలిన బండ మీద, రెండు వాగులు కలిసేచోట అది పదేపదే విసర్జించి ఇది నా ఇలాకా అని చాటుకుంటుంది. తాజాగా ఉంటే అది నల్లగా, జిగటగా ఉంటుంది. పుల్లతో కదిపితే చేప ముళ్లు, పొలుసులు, కప్ప ఎముకలు బయటపడతాయి. చూసినవాళ్లు అంతటితో ఊరుకోరు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తారు. కొందరికి అది మల్లెపూల టీ వాసన, కొందరికి అప్పుడే కోసిన గడ్డి వాసన. అక్కడే తిరిగే మింక్ అనే ఇంకో జంతువు మలమైతే కుళ్లు కంపు కొడుతుంది. ఏది ఎవరిదో తేల్చేది ముక్కే.

ఇంగ్లండ్ తొలి జాతీయ నీటికుక్కల సర్వే 1977–79లో ఇలాగే జరిగింది. 2,940 చోట్ల గాలిస్తే గుర్తులు దొరికింది 5.8 శాతం చోట్లే. ఒకప్పుడు దేశంలో దాదాపు ప్రతి ఏటిలోనూ ఉన్న జంతువు అది. 2009–10లో మళ్లీ చూసేసరికి దాదాపు 59 శాతం చోట్ల గుర్తులున్నాయి. 2011లో కెంట్‌లోనూ కనబడటంతో, ఇంగ్లండ్‌లో నీటికుక్క లేని కౌంటీ లేదని అక్కడి పర్యావరణ సంస్థ ప్రకటించింది. ఈ అంకెల వెనకున్న కథ మీదే నాకు ఆసక్తి.

*

నీటికుక్కలు ఎందుకు మాయమయ్యాయో పట్టిచ్చింది వాటిని వేటాడినవాళ్ల పుస్తకాలే.

బ్రిటన్‌లో నీటికుక్కల వేట ఒక క్రీడ. ప్రత్యేకంగా పెంచిన కుక్కల మందలతో ఏటి వెంబడి నడుస్తూ వేటాడేవారు. ఏ రోజు వెళ్లాం, ఎన్ని కనబడ్డాయి, ఎన్ని చచ్చాయి అని ప్రతి వేట బృందమూ ఏళ్ల తరబడి లెక్క రాసి పెట్టింది. పాల్ చానిన్, డాన్ జెఫరీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. 1957–58 ప్రాంతంలో దక్షిణ బ్రిటన్‌లో ఒకదానికొకటి సంబంధం లేని బృందాల పుస్తకాల్లోనూ అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. వేటే కారణమైతే ఒక్కో చోట ఒక్కో ఏడు తగ్గాలి. నీళ్లు మురికైతే మెల్లమెల్లగా తగ్గాలి. అన్నిచోట్లా ఒకేసారి పడిపోయాయంటే, అన్నిచోట్లా ఒకేసారి వచ్చిపడిందేదో ఉండాలి.

ఉంది. 1950ల మధ్యలో డీల్డ్రిన్, ఆల్డ్రిన్ అనే పురుగుమందులు పొలాల్లోకి వచ్చాయి. గోధుమ విత్తనాలకు పట్టించారు, గొర్రెలను ముంచి తీసే తొట్లలో కలిపారు. విత్తనాలు తిన్న పావురాలు పొలాల్లో రాలిపోయాయి. ఆ పావురాలను తిన్న నక్కలు చచ్చాయి. వానకు కొట్టుకుపోయిన మందు ఏటిలో చేరింది, చేపల కొవ్వులో పేరుకుంది, ముఖ్యంగా మలుగుపాముల్లో. నీటికుక్కకు మలుగుపాము మహా ఇష్టం. 1978లో చానిన్, జెఫరీస్ తమ పరిశోధన ప్రచురించారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నీటికుక్కకు చట్టరక్షణ దొరికిందీ ఆ ఏడే, దాంతో వేట ఆగింది. కానీ ఆ జంతువును బతికించింది వేట నిషేధం కాదనే నా నమ్మకం. 1960ల నుంచి ఒక్కొక్క వాడకాన్నీ ఆపుతూ ఆ మందును పొలం నుంచి తప్పించడమే బతికించింది. వేటకుక్కలను అడ్డుకున్నంత సులువు కాదు విత్తనాల సంచీలోని పొడిని అడ్డుకోవడం.

ఆ వేటకు పెంచిన ఆటర్‌హౌండ్ కుక్కజాతి ఇప్పుడు అంతరించే స్థితిలో ఉంది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని ఆపదలో ఉన్న స్వదేశీ జాతుల జాబితాలో పెట్టింది.

*

ఫిలిప్ వేర్ అనే ఆయన స్థాపించిన ఆటర్ ట్రస్ట్ నీటికుక్కలను పెంచి, పిల్లలను తీసి, 1983లో సఫోక్‌లోని ఒక ఏటిలో తొలి జట్టును వదిలింది. 1999 దాకా మొత్తం 117 వదిలారు. తూర్పు ఇంగ్లండ్‌లో వాటి ఆనవాలు దాదాపు చెరిగిపోయిన రోజులవి కాబట్టి ఆ పని విలువైనదే. మిగతా దేశంలో మాత్రం వేల్స్ ఏరుల్లోనూ నైరుతి మూలనా మిగిలినవే తమంతట తాము ఒక్కో ఏరూ దాటుకుంటూ తూర్పుకు వచ్చాయి.

అలా రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలియాలంటే దాని సంసారం చూడాలి. ఒక్క మగదానికి 40 కిలోమీటర్ల ఏరు కూడా కావాల్సి రావచ్చు. ఈతకు సాధారణంగా రెండు మూడు పిల్లలు, అంతే. ఆ పిల్లలకు పుట్టుకతో నీళ్లంటే భయం. తల్లి మెడ పట్టి ఏటిలోకి లాక్కెళ్లి ఈత నేర్పుతుంది. దాదాపు ఏడాది పాటు తనతోనే తిప్పుకుంటుంది. ఒంట్లో కొవ్వు పొర లేని ఈ జంతువు చల్లటి నీళ్లలో బతకాలంటే దట్టమైన బొచ్చే దిక్కు, రోజూ తన బరువులో దాదాపు 15 శాతం తిండే దిక్కు. షెట్లాండ్ దీవుల్లో సముద్రంలో వేటాడే నీటికుక్కలు కూడా ఇదే జాతి. వాటికి ఒడ్డున మంచినీటి గుంట తప్పనిసరి. ఉప్పు పేరుకుంటే బొచ్చు చలిని ఆపదు, అందుకని రోజూ వెళ్లి కడుక్కుంటాయి. అక్కడ నీటికుక్కలను కాపాడటమంటే సముద్రంతో పాటు ఆ చిన్న గుంటలనూ కాపాడాలి.

తిరిగొచ్చిన నీటికుక్క అందరికీ చుట్టం కాదు. చెరువుల్లో కార్ప్ చేపలను పెంచి, గాలం వేసేవాళ్ల దగ్గర రుసుము తీసుకునే యజమానులు దాన్ని చూసి గుండెలు బాదుకుంటారు. వాళ్ల బాధ నిజమైనదే. ఇరవై ఏళ్లు పెరిగిన చేప ఒక్క రాత్రిలో గట్టు మీద సగం తిని పడి ఉంటే, ఆ నష్టం డబ్బుతో పూడదు. చంపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి చెరువు చుట్టూ కంచె వేస్తున్నారు. పొరపాటున లోపల చిక్కుకున్నదాన్ని లైసెన్స్ ఉన్నవాళ్లు పట్టి బయట వదులుతారు.

*

మన దగ్గర సీబీఎస్ఈ పదో తరగతి చదివిన పిల్లలకు మిజ్‌బిల్ అనే నీటికుక్క పరిచయమే. వాళ్ల ఇంగ్లీషు వాచకంలో ఉంది ఆ పాఠం. గావిన్ మాక్స్‌వెల్ అనే రచయిత 1956లో ఇరాక్ చిత్తడి నేలల నుంచి దాన్ని తెచ్చుకున్నాడు, 1960లో వచ్చిన ఆయన పుస్తకంలో దాని కథ రాశాడు. మిజ్‌బిల్ బ్రిటన్ ఏరుల్లో ఉండే జాతి కాదు. అది నున్నటి బొచ్చు నీటికుక్క, కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో గుంపులుగా తిరిగే జాతే. ఆ జాతిలో ఇరాక్ ఉపజాతికి మాక్స్‌వెల్ పేరే పెట్టారు. కోరింగ కాలవల గట్టున బురదలో కనిపించే వేళ్ల గుర్తులను చూస్తే, పాఠం చదివిన పిల్లలకు అదెవరి చుట్టమో తెలియాలని నాకు ఆశ. అంతకు చాలా ముందు, 1927లోనే, హెన్రీ విలియమ్సన్ డెవన్‌లోని టా, టోరిడ్జ్ ఏరుల మీద టార్కా అనే నీటికుక్క కథ రాశాడు. ఎక్సెటర్ నుంచి బార్న్‌స్టపుల్ వెళ్లే రైలు మార్గాన్ని ఇప్పటికీ టార్కా లైన్ అనే పిలుస్తారు.

*

ఈత ఇంత బాగా వచ్చిన జంతువు రోడ్డు మీద కార్ల కింద పడి ఎందుకు చస్తుంది? మామూలు రోజుల్లో అది వంతెన కిందుగా, గట్టు వెంబడి నడుచుకుంటూ పోతుంది. వరదొస్తే ఆ గట్టు మునిగిపోతుంది, కమాను కింద నీళ్లు సుడులు తిరుగుతూ దూసుకొస్తాయి. ఎదురీదడం ఇష్టంలేక నీటికుక్క గట్టెక్కి రోడ్డు దాటుతుంది. విరుగుడు చాలా చిన్నది. వరద మట్టానికి పైన, వంతెన లోపలి గోడ వెంబడి అరుగు లాంటి అంచు ఒకటి కడతారు, అది ఈ ఒడ్డు గట్టునూ ఆ ఒడ్డు గట్టునూ కలుపుతుంది. కొన్నిచోట్ల నీటికుక్క రోడ్డు ఎక్కకుండా పక్కన కంచె కూడా వేస్తారు. కట్టిన కొన్నాళ్లకు ఆ అంచు మీద మలం కనిపిస్తే పని ఫలించినట్టే.

కప్పలకైతే ఇంకా సూటి ఏర్పాటు. శీతాకాలం వెళ్తుండగా, వానపడ్డ రాత్రుళ్లు బోదురు కప్పలు గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన చెరువులకే బయలుదేరతాయి, దారిలో రోడ్డుంటే వందల కొద్దీ నలిగిపోతాయి. ఆ ఊళ్లవాళ్లు టార్చిలైట్లూ బకెట్లూ పట్టుకుని వచ్చి, కప్పలను బకెట్లో వేసుకుని రోడ్డు అవతల దింపుతారు. ఎన్ని దాటించారో లెక్క రాస్తారు.

*

మింక్ సంగతి పైన ఆగిపోయింది. అది అమెరికా జంతువు, బొచ్చు కోసం 1929 నుంచి బ్రిటన్‌లో ఫారాల్లో పెంచారు. తప్పించుకున్నవి ఏరుల్లో చేరాయి. బయట పిల్లలను కంటున్నాయని 1956లో డెవన్‌లోని టైన్ ఏటి దగ్గర తేలింది. వీటి దెబ్బకు కుదేలైంది వాటర్ వోల్ అనే నీటి ఎలుక. కెన్నెత్ గ్రహామ్ 1908లో రాసిన పిల్లల నవలలో పడవ నడిపే రాటీ ఇదే. శత్రువు వస్తే నీళ్లలో దూకుతుంది, లేకపోతే బొరియలో దూరుతుంది. కొంగ నుంచీ నక్క నుంచీ ఆ ఉపాయంతో బతికింది. ఆడ మింక్ మాత్రం సన్నగా ఉంటుంది, నీళ్లలోకీ వస్తుంది, బొరియలోకీ వస్తుంది. నీటి ఎలుకకు మూడో ఉపాయం లేదు. ఇరవయ్యో శతాబ్దం చివరికి అవి నూటికి తొంభైకి పైగా పోయాయి.

మింక్‌ను పసిగట్టడానికి ఏటిలో ఒక తెప్ప కడతారు. దాని మీద చిన్న సొరంగం, సొరంగంలో తడి మట్టి పళ్లెం. దారిన పోయే ప్రతిదీ కుతూహలం ఆపుకోలేక అందులో దూరి వెళ్తుంది, అడుగుల గుర్తులు వదిలిపెడుతుంది. మింక్ అడుగు కనిపిస్తేనే అదే సొరంగంలో బోను పెడతారు. ఇప్పుడు బోను మూసుకోగానే ఫోన్‌కు సందేశం పంపే పరికరాలూ వచ్చాయి. నీటికుక్కలు తిరిగి చేరిన ఏరుల్లో మింక్‌లు రాత్రి తిరగడం మానేసి పగలు తిరుగుతున్నట్టు పరిశోధకులు గమనించారు. పెద్దది రాత్రి కాపు కాస్తే చిన్నది వేళ మార్చుకుంది.

*

డెవన్‌లో ఒక ఏటి పేరే ఆటర్. దాని ఒడ్డున 2014 నాటికి అనుకోని చుట్టం పిల్లలతో సహా కనబడింది, బీవర్. బొచ్చు కోసమూ మందుల్లో వాడే తైలం కోసమూ వేటాడి 400 ఏళ్ల కిందటే బ్రిటన్‌లో లేకుండా చేసిన జంతువు అది. ఎవరు వదిలారో, ఎలా వచ్చాయో తేలలేదు. జబ్బులు తెస్తాయేమో, పట్టేద్దామని ప్రభుత్వం అంటే, ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి వాటిని పట్టి, పరీక్షించి, జబ్బు లేదని తేల్చుకుని 2015లో అదే ఏటిలో వదిలారు. ఐదేళ్లు గమనించాక 2020లో అక్కడే ఉండనిచ్చారు. అవి కట్టిన ఆనకట్టలు ఈస్ట్ బడ్లీ అనే ఊరి పైన వరద ఉధృతిని తగ్గిస్తున్నాయని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కొలిచి చెప్పింది. 2022 నుంచి ఇంగ్లండ్‌లో వాటికి చట్టరక్షణ ఉంది. పొలం మునిగిన రైతుకు అవి శత్రువులే, ఆ గొడవ ఇంకా సాగుతూనే ఉంది.

*

మింక్ లాంటి కథే అడవిలోనూ ఒకటుంది. ఎర్ర ఉడుత బ్రిటన్ సొంతం. బూడిదరంగు ఉడుత అమెరికాది, 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో ముచ్చటపడి వదిలారు. అది తెచ్చిన మశూచి లాంటి వైరస్ దానికి హాని చేయదు, ఎర్ర ఉడుతకు సోకితే చాలావరకు చావే. బూడిద ఉడుతలను కాల్చీ బోన్లు పెట్టీ అలసిన చోట్ల ఇప్పుడు పైన్ మార్టెన్ మీద ఆశ పెట్టుకున్నారు. పిల్లి అంత ఉండే ఈ వేటజంతువు స్కాట్లాండ్‌లో, ఐర్లాండ్‌లో తిరిగి పెరిగిన అడవుల్లో బూడిద ఉడుతలు తగ్గాయి, ఎర్రవి పెరిగాయి. దాని వాసన తగిలితే ఎర్ర ఉడుత జాగ్రత్తపడుతుంది, తరతరాలుగా ఎరిగిన శత్రువు కదా. బూడిద ఉడుతకు ఆ వాసన తెలియదు.

*

వీటన్నిటిలోనూ నా మనసుకు దగ్గరైన కథ ఒక సీతాకోకచిలుకది. లార్జ్ బ్లూ దాని పేరు, ముదురు నీలం రెక్కల మీద నల్లటి చుక్కలు. 1979లో బ్రిటన్‌లో అంతరించింది. కాపాడే ప్రయత్నం లేక కాదు. అది తగ్గిపోతోందని గమనించి, సీతాకోకలు పట్టుకునేవాళ్లు రాకుండా పచ్చికబయళ్లకు కంచెలు కూడా కట్టారు. కంచె కట్టిన చోట ఇంకా త్వరగా పోయింది.

జెరెమీ థామస్ అనే యువ శాస్త్రవేత్త దాని చివరి స్థావరాల్లో నేల మీద కూర్చుని గొంగళిపురుగు ఏం చేస్తోందో చూశాడు. అది అడవి థైమ్ పూలలో కొన్నాళ్లు తిని, కింద రాలిపడుతుంది. తీపి ద్రవం ఊరిస్తూ, చీమ పిల్లలా వాసన కొడుతూ పడి ఉంటుంది. ఎర్రచీమ వచ్చి, ఇది మా పిల్లే అనుకుని, నోట కరచుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. లోపల ఆ గొంగళిపురుగు చీమల పిల్లలను తింటూ నెలల తరబడి పెరుగుతుంది. ఈ సంగతి ముందే తెలుసు. థామస్ కనిపెట్టింది, ఆ నాటకం అన్ని ఎర్రచీమల దగ్గరా సాగదని. మిర్మికా సబులెటీ అనే ఒక్క జాతి పుట్టలోనే అది సరిగ్గా బతుకుతుంది. ఆ చీమకు నేల వెచ్చగా ఉండాలి. నేల వెచ్చగా ఉండాలంటే ఎండ తగలాలి, ఎండ తగలాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండాలంటే పశువులో కుందేళ్లో మేయాలి. 1950లలో మిక్సోమటోసిస్ అనే జబ్బుతో కుందేళ్లు కుప్పలుగా చచ్చాయి. కొండవాలు పచ్చికల్లో పశువులను తోలడం కూడా తగ్గింది. ఇక కంచె కట్టినచోట మేపే దిక్కేదీ? గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, చీమ వెళ్లిపోయింది.

ఆ లెక్క తేలేసరికి బ్రిటన్‌లో మిగిలిన జట్టు చేయి దాటిపోయింది. 1983లో స్వీడన్ నుంచి గొంగళిపురుగులను తెచ్చి, సరిగ్గా మేపిన గడ్డిలో వదిలారు. ఇప్పుడు సోమర్‌సెట్‌లోని కొండవాలుల్లో వేసవి రాగానే అవి ఎగురుతున్నాయి, జనం చూడటానికి వెళ్తున్నారు. ఎప్పుడు, ఎన్ని ఆవులను, ఎన్నాళ్లు మేపాలనేదే అక్కడ సంరక్షణ పథకం.

*

హేజెల్ డార్‌మౌస్ అనే బంగారు రంగు చిట్టెలుక ఏడాదిలో దాదాపు సగం నిద్రపోతుంది. మేలుకున్నా రాత్రిపూట కొమ్మల మీదే. మరి అడవిలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కింద రాలిన హేజెల్ కాయలను ఏరి, పెంకును భూతద్దంతో చూస్తారు. ఉడుతైతే రెండు చెక్కలుగా పగలగొడుతుంది. అడవి ఎలుక కొరికిన రంధ్రం అంచు మీద అడ్డంగా పంటి గాట్లుంటాయి. డార్‌మౌస్ చేసిన రంధ్రం లోపలి అంచు నున్నగా ఉంటుంది, గాట్లు బయట చుట్టూ ఏటవాలుగా ఉంటాయి. 1993లో దేశవ్యాప్తంగా ఈ కాయల వేట జరిగింది, పిల్లలూ పెద్దలూ సంచుల్లో పెంకులు ఏరుకొచ్చారు. ఈ ఎలుక నేల మీద నడవడానికి ఇష్టపడదు కాబట్టి, పొలాల నడుమ పొదల దడి తెగిపోతే దానికి దారి తెగిపోయినట్టే.

బిటర్న్ అనే కొంగజాతి పక్షి రెల్లులో దాక్కుని, వసంతంలో దూరానికి వినబడేలా గుమ్మని కూస్తుంది. 1997లో బ్రిటన్ మొత్తం మీద కూసే మగవి 11 మాత్రమే మిగిలాయి. రెల్లు ఎండిపోవడమే కారణమని తేలింది. సఫోక్‌లో లేకన్‌హీత్ దగ్గర పక్షి సంరక్షణ సంఘం క్యారెట్ పొలాలను కొని, నీళ్లు పెట్టి, రెల్లు నాటింది. అక్కడిప్పుడు బిటర్న్‌లే కాదు, క్రౌంచ పక్షులూ గూళ్లు కడుతున్నాయి. తెల్లకొంగ మరీ ఆలస్యంగా వచ్చింది. బ్రిటన్‌లో అది గూడు కట్టినట్టు పాత దాఖలా 1416 నాటిది, ఎడిన్‌బరాలోని సెయింట్ జైల్స్ చర్చి మీద. తర్వాత బయట స్వేచ్ఛగా గుడ్లు పొదిగి పిల్లలను చేసింది 2020లో, ససెక్స్‌లోని నెప్ ఎస్టేట్‌లో.

ఎర్రగద్దలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేల్స్ లోయల్లో కొద్ది జంటలే మిగిలాయి. 1990లో స్పెయిన్ నుంచి పిల్లలను తెచ్చి చిల్టర్న్ కొండల్లో వదిలారు, ఇప్పుడక్కడ ఊళ్ల మీద తిరుగుతుంటాయి. ఈలోగా స్పెయిన్‌లోనే కొన్నిచోట్ల అవి తగ్గిపోయాయి. 2022లో ఇంగ్లండ్ గూళ్ల నుంచి పిల్లలను తీసి స్పెయిన్‌లోని ఎక్స్‌ట్రెమదూరాకు పంపారు.

*

రోడ్డు పక్కన చచ్చిపడ్డ నీటికుక్కను ఎవరైనా చూసి కబురు పెడితే, అది చాలావరకు కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చేరుతుంది. 1992 నుంచి అక్కడ ఆ కళేబరాలకు శవపరీక్ష చేస్తున్నారు. ఏం తింది, ఎన్ని పిల్లలను కంది, ఒంట్లో ఏ విషం ఎంత ఉందో రాసుకుంటున్నారు. డీల్డ్రిన్ తగ్గుతూ రావడం ఇలాంటి పరీక్షల్లోనే కనిపించింది. ఇప్పుడు అక్కడ వెతుకుతున్నది అంటని పెనాలకూ వాననీటిని ఆపే బట్టలకూ వాడే పీఫాస్ రసాయనాలను. పరీక్షించిన 50 నీటికుక్కల్లో 50 కాలేయాల్లోనూ అవి ఉన్నాయి.

వేల్స్‌లో 2009–10 సర్వేలో నూటికి 90 చోట్ల నీటికుక్క గుర్తులు దొరికాయి. 2015–18లో అవి 70 చోట్లకు పడిపోయాయి. నిండా కోలుకుందనుకున్న దేశం అది. యూరప్ మలుగుపాములు కూడా 1980ల నుంచి ఘోరంగా తగ్గాయి, కాబట్టి తిండి కొరతా, మురుగూ, కొత్త రసాయనాలా, ఏది ఎంత కారణమో ఒక్కొక్కటిగా విడదీస్తున్నారు. ఈసారి చూడటానికి వేటగాళ్ల పుస్తకాలు లేవు. వంతెనల కింద దొరికే మలమూ, కార్డిఫ్ బల్ల మీదికొచ్చే కళేబరాలూ ఉన్నాయి.